నాలుగో మెట్టు

అమలమ్మ చేతులు నెమ్మదించాయని మా ఆయన అన్నప్పుడు నేను ఐదో పెసరట్టు తిరగేస్తున్నాను. పదిహేను రోజులకు ఆరు చీరలిచ్చే మనిషి ఇప్పుడు ఐదే ఇస్తోందట. యాభై దాటాయి, ఇంకేం నేస్తుంది, సోమవారం మనిషిని పంపి మగ్గం మీది జకార్డు పెట్టె విప్పించుకొచ్చి పడుచువాళ్ళెవరికైనా పెట్టిద్దాం అన్నాడు. మా అత్తగారు చౌడేశ్వరి గారు అల్లం పచ్చడి వేసుకుంటూ, ఆడమనిషి మగ్గం ఎన్నాళ్ళు నడుపుతుందిరా, ఇన్నాళ్ళు నడపడమే గొప్ప అన్నారు. ఆ మాట ఒక ఆడమనిషే అన్నది కాబట్టి మరింత నిజమైపోయినట్టు మా ఆయన తలూపాడు.

మా ఆయన దుర్గాశంకర్‌కు వన్‌టౌన్‌లో చీరల హోల్‌సేల్ కొట్టు ఉంది. పెడన చుట్టుపక్కల పద్దెనిమిది మగ్గాలకు నూలూ డిజైనూ ఇచ్చి చీరలు నేయించుకుంటాడు. అమలమ్మ మా మామగారి కాలం నుంచీ మాకు నేస్తోంది. భర్త పోయాక అతను కూర్చున్న మగ్గం గుంటలోనే కూర్చుని నేస్తోంది. మేం టిఫిన్లు చేస్తుండగా ఆవిడే ఫోన్ చేసింది. మా ఆయన చేతికి పచ్చడి అంటి ఉందని స్పీకర్లో పెట్టాడు.

"చెయ్యి కాదు బాబూ. పెట్టె మందగించింది. తొక్కితే ఎంటనే లెగట్లేదు. ఆలోచించుకుని ఆలోచించుకుని అప్పుడు లెగుద్ది."

పెట్టె ఆలోచించుకోవడమేంటి అమలమ్మా అని నవ్వి, సోమవారం చూద్దాంలే అని పెట్టేశాడు. తర్వాత నా వైపు తిరిగి పచ్చడిలో ఉప్పు తగ్గిందన్నాడు. నేను ఉప్పు డబ్బా తెచ్చిపెట్టాను. ఆ పెట్టె మా కంపెనీ తయారుచేసింది. దాని లోపల నడిచే ప్రోగ్రాం నేను రాసింది. ఆ సంగతి టేబుల్ దగ్గర ఎవరికీ గుర్తులేదు. నిజం చెప్పొద్దూ, అట్టు మాడకుండా చూసుకునే హడావుడిలో నాకూ కాస్త ఆలస్యంగానే గుర్తొచ్చింది.

గుర్తొచ్చాక కూడా నాకేమీ అనిపించలేదు. ఈమధ్య నాకేమీ అనిపించడం లేదు. బాధేమిటో నాకు తెలుసు, ఇది బాధ కాదు. కాలు తిమ్మిరెక్కితే, నాదేనని తెలుస్తుంది గాని గిల్లితే తెలియదు, అట్లా ఉంటోంది. వండుతాను, ఆఫీసుకెళ్తాను, సాయంత్రం మా అమ్మాయి సాయిశ్రీ చేత లెక్కలు చేయిస్తాను. అందరూ తిన్నాక మిగిలిందాన్ని బట్టి నా ఆకలి ఎంతో తేల్చుకుంటాను. "మా ఇంట్లో గొడవలే ఉండవండీ" అని మా ఆయన చుట్టాల దగ్గర గర్వంగా చెబుతాడు. నిజమే, ఉండవు. పెళ్ళయిన కొత్తలో ఉండేవి. ఒకసారి కొట్టుకొచ్చిన పెద్దమనుషుల ముందు ఆయన నూలు ఎంత సన్నమో చెప్పే నంబరు తప్పు చెబితే, కాదండీ ఇది ఎనభయ్యో నంబరు అన్నాను. నేతింటి పిల్లని, మా నాన్న ఆదిశేషయ్య మగ్గం కిందే పాకడం నేర్చుకున్నదాన్ని, నూలు వేళ్ళకు తగిలితే నంబరు చెప్పగలను. వాళ్ళు వెళ్ళాక మా ఆయన ఏమీ అనలేదు. తొమ్మిది రోజులు అసలు మాట్లాడలేదంతే. పదో రోజున కాఫీ అడిగాడు, అన్నీ మామూలైపోయాయి. నేను మాత్రం మళ్ళీ ఎవరి ముందూ నూలు సంగతి ఎత్తలేదు. స్కూటీ కూడా అంతే. పటమటలో వానకు జారి పడ్డాను, మోకాలు చెక్కుకుపోయింది, పది రోజుల్లో మానింది. నీకెందుకే అమ్మాయ్ ఆ బండి, వాడు దింపుతాడుగా అన్నారు అత్తయ్య. దింపాడు, ఒక నెల. తర్వాత నుంచి ఆటో. స్కూటీ కింద సెల్లార్లో కవరు కప్పుకుని ఎనిమిదేళ్ళుగా నిలబడే ఉంది. వాన మాత్రం ఆ సాయంత్రమే వెలిసింది.

మా కంపెనీ ఆటోనగర్‌లో రెండంతస్తుల షెడ్డు. మగ్గం మీద డిజైను ప్రకారం పడుగు పోగులు లేపే జకార్డు పెట్టెలు చేస్తాం. పాతకాలపు చిల్లుల అట్టల బదులు వీటిలో చిన్న కంప్యూటర్ ఉంటుంది. నేతమనిషి కాలి కింది చెక్క తొక్కగానే, ఏ పోగులు లేవాలో ఆ కంప్యూటర్ పైనున్న బోర్డులకు తీగల మీద చెప్పాలి. ఆ తీగల దారిని బస్ అంటారు, చెప్పించే ప్రోగ్రాంను డ్రైవర్ అంటారు. మా అత్తయ్య ఇది విని, మా కోడలు బస్సు డ్రైవర్ల ఆఫీసులో చేస్తుందని పక్కింట్లో చెప్పారు, నేనూ సరిదిద్దలేదు. ఆ దారిలో ఎంత వేగంతో చెప్పాలో తేల్చే భాగం నాది. పెట్టె ఆన్ చేయగానే డ్రైవర్ ఒక్కో బోర్డునూ ఎంత వేగం తట్టుకోగలవని అడిగి, అన్నీ తట్టుకోగలిగిన వేగాన్ని ఖాయం చేసుకుంటుంది. నాలుగు మెట్లు పెట్టాను. నాలుగోది అన్నిటికన్నా వేగం. చెప్పింది అవతల తప్పుగా చేరితే దాన్ని ఎర్రర్ అంటాం. అప్పుడు ఒక మెట్టు దిగి, నెమ్మదిగా మళ్ళీ చెబుతుంది.

ఆ రోజే, గురువారం, ఆఫీసుకు వెళ్ళగానే అమలమ్మ పెట్టె రిపోర్టు తీశాను. పెట్టెలో సిమ్ ఉంటుంది, ప్రతి సాయంత్రం దానంతటదే రిపోర్టు పంపుతుంది. మూడు నెలలుగా ఒక్క ఎర్రర్ లేదు. కానీ వేగం మొదటి మెట్టు మీద ఉంది. మిగతావీ చూశాను. బయట ఉన్న అరవై పెట్టెల్లో నలభై ఒకటి మొదటి మెట్టు మీదే ఉన్నాయి. దేనిలోనూ ఎర్రర్ లేదు కాబట్టి రిపోర్టంతా పచ్చరంగులో ఉంది. సోమవారం మీటింగుల్లో మేం చప్పట్లు కొట్టేది ఈ పచ్చరంగుకే. చప్పట్లయ్యాక మా యజమాని రామకోటేశ్వరరావు గారు, అమ్మా మల్లీశ్వరీ, కాస్త టీల సంగతి చూడండి అంటారు. గదిలో నలుగురు ఇంజినీర్లం ఉంటాం, టీ సంగతి నాకే తెలుస్తుందని ఆయన నమ్మకం.

ప్రోగ్రాం తెరిచాను. వేగం దించే చోట నా పేరూ, మూడేళ్ళ కిందటి తేదీ ఉన్నాయి. పక్కన నేనే రాసుకున్న ఒక ముక్క ఉంది: తగ్గాక మళ్ళీ పెంచొద్దు, ఆఫ్ చేసినా గుర్తుపెట్టుకో, ఫిర్యాదులు రావు. ఆ రోజు నాకు బాగా గుర్తు. కొత్త పెట్టెల్లో ఎర్రర్లు వస్తున్నాయని ఫోన్ల మీద ఫోన్లు వచ్చేవి. దించే భాగం రాశాను, కాసేపాగి మళ్ళీ పైమెట్టు అడిగి చూసే భాగం కాగితం మీద వేసుకున్నాను. ఇంతలో ఇంటినుంచి ఫోన్. సాయిశ్రీకి ఒళ్ళు కాలిపోతోంది, తల్లివి నువ్వా నేనా అన్నారు అత్తయ్య. పెంచే భాగం తర్వాత రాద్దామని, అప్పటికి ఆ ముక్క పెట్టి ఆటో ఎక్కాను. మర్నాటికి ఫోన్లు ఆగిపోయాయి. యజమాని నా బల్ల దగ్గరకొచ్చి, శభాష్ అమ్మా, ఇక దాన్ని కదపొద్దు అన్నారు. ఆ కంపెనీలో నాకు దక్కిన మొదటి మెచ్చుకోలు అది. సంతోషపడ్డాను కూడా. కాగితం ఎక్కడో పోయింది.

లెక్క వేశాను. మొదటి మెట్టు మీద ఒక్కో పేకపోగుకు పెట్టె ఒక సెకను ఆలస్యంగా లేస్తుంది. ఒక సెకను ఎవరికీ ఆనదు. చీరకు పదకొండు వేల పోగులు పడతాయి, అంటే మూడు గంటలు. ప్రతి చీరకూ ఒక మనిషి మూడు గంటలు కాలు చెక్క మీద పెట్టుకుని ఊరికే ఎదురుచూస్తోంది. అది ఎర్రర్ కాదు గనక ఏ రిపోర్టులోనూ లేదు. మిగతావాళ్ళు కాలిని పెట్టెకు అలవాటు చేసుకున్నట్టున్నారు, ఎవరూ ఏమీ అనలేదు. అమలమ్మ కాలు మాత్రం ఇంకా పాత వేగంలోనే తొక్కుతోంది. అందుకే అందరిలోకీ ఆవిడకే తేడా తెలిసింది.

ఆ సిమ్ ద్వారా ఆఫీసులో కూర్చునే ఆవిడ పెట్టెను నాలుగో మెట్టుకు పెంచాను. శుక్రవారం పొద్దున అట్లాగే తెరిచి చూస్తే ఆరింటికల్లా మళ్ళీ మొదటికి దిగిపోయి ఉంది. ఆ షెడ్డులో తెల్లారేసరికి ఏదో జరుగుతోంది. ఫీల్డుకు వెళ్ళే సాయిగణేష్‌ను అడిగాను. రెండుసార్లు వెళ్ళొచ్చానండీ, పదకొండింటికి చూశాను, తీగలన్నీ బాగానే ఉన్నాయి, లోపం లేదని రాశాను అన్నాడు. యజమానికి చెబితే చాలాసేపు పేపర్‌వెయిట్ తిప్పారు. ఎర్రర్ లేనప్పుడు ఏం బాగుచేస్తామమ్మా, కొత్త మోడల్లో చూద్దాం, మూడేళ్ళ కిందటి తప్పు ఇప్పుడు మన నోటితో మనం చెప్పుకోవడం ఎందుకు అన్నారు. తర్వాత కొంచెం గొంతు తగ్గించి, చెప్పుకుంటే మీ పేరే బయటికొస్తుంది అని కూడా అన్నారు. అది బెదిరింపు కాదు, ఆయన మంచివాడే. సోమవారానికి ఇంక రెండు రోజులుంది. నేను ఊరుకుంటే అమలమ్మ చేతులు ముసలివైపోతాయి, అందరూ నమ్ముతారు, కొన్నాళ్ళకు ఆవిడా నమ్ముతుంది.

ఆ మధ్యాహ్నం ఇంటికెళ్ళి, పెడన వెళ్తున్నాను, రాత్రికి అక్కడే ఉండి రేపొస్తాను అన్నాను. సాయిగణేష్ లేడా అని అత్తయ్య అడిగారు. మా ఆయనకు ఫోన్ చేస్తే, నువ్వెళ్ళి ఏం చేస్తావు, చేతులు చూసి వయసు చెబుతావా అన్నాడు. కొంచెం ఆగి, రేపు టిఫినో అన్నాడు. ఫ్రిజ్‌లో పిండి ఉందని చెప్పాను. బెంజి సర్కిల్ దగ్గర బందరు బస్సెక్కాను. వెనక ఏం జరుగుతుందోనన్న భయం కూడా లేదు. కిటికీలోంచి పామర్రు దాకా పొలాలు చూశాను, అవి పచ్చగా ఉన్నాయని మాత్రం తెలిసింది.

అమలమ్మ నన్ను మొదట కొట్టు యజమాని భార్యగా కుర్చీలో కూర్చోబెట్టింది. ఆదిశేషయ్య కూతుర్నని చెప్పాక కుర్చీ తీసేసి చాపేసింది. మర్నాడు పొద్దున్నే ఐదున్నరకు షెడ్డులో నేను లాప్‌టాప్ పెట్టెకు తగిలించి కూర్చున్నాను. వేగం నాలుగో మెట్టు మీద ఉంచాను. ఆవిడ బిందెతో నీళ్ళు తెచ్చి గుంట చుట్టూ, మగ్గం కిందా చేత్తో చల్లింది. గోనెపట్టా తడిపి పెట్టె కింద గుంజకు వేలాడదీసింది. నేల తడిసిన వాసన వచ్చింది. తర్వాత గుంటలోకి దిగి తొక్కడం మొదలుపెట్టింది. పది పోగులు పడ్డాయో లేదో తెర మీద ఎర్రర్ వచ్చింది. మూడో మెట్టు. ఇంకొకటి వచ్చింది, రెండు. పావుగంటలో ఒకటికి చేరింది. గోనెపట్టా తడి పెట్టె అడుగున తీగల కొసలకు తగులుతోంది.

"నీళ్ళెందుకు చల్లారు?" అన్నాను. సమాధానం నాకు తెలుసు, అయినా అడిగాను.

"ఎండితే పోగు తెగుద్దమ్మా. వానలెళ్ళిన కాడ్నించీ, మూణ్ణెల్లుగా గోనె కూడా కడతన్నా. మీ అమ్మ చల్లలా?"

చల్లేది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ప్రతి పొద్దునా చల్లేది. నాన్న లేచి పళ్ళు తోముకుని వచ్చేసరికి నేల తడిసి ఉండేది, గోనెపట్టా తడిసి ఉండేది, కండెలు చుట్టి బుట్టలో ఉండేవి. నాన్న కూర్చుని నేసేవాడు. సొసైటీ పుస్తకంలో నేతగాడు అని నాన్న పేరుండేది, అమ్మ పేరు ఎక్కడా లేదు. పెట్టె తయారుచేసే ముందు యజమాని నన్ను పిలిచి, మీరు నేతింటి పిల్ల కదా, షెడ్డు ఎట్లా ఉంటుందో గీసి చూపించండి అన్నారు. గీశాను. మగ్గం, గుంట, పడుగు, చెక్కలు, దీపం ఎక్కడ వేలాడుతుందో కూడా గీశాను. నీళ్ళు గీయలేదు. నాన్న కూర్చునే చోటు కొలతలతో సహా గీశాను, అమ్మ నిలబడే చోటు నాకు గుర్తే రాలేదు. ఆ బొమ్మ చూసే తీగల కొసలు కిందివైపు పెట్టారు.

ఏదో చురుక్కుమంది. ఏడుపేమో అనుకున్నాను. కాదు, కోపం. చాలా ఏళ్ళయింది కాబట్టి గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది. అది ఎవరి మీదో కూడా వెంటనే తెలియలేదు. మా ఆయన మీదా, యజమాని మీదా ఉంటుందనుకున్నాను, ఉంది. కానీ ముందు నా మీద వచ్చింది.

అమలమ్మ తొక్కుతూనే ఉంది. ఎనిమిదయ్యేసరికి నేల ఆరింది, గోనెపట్టా ఆరింది. పెట్టె మాత్రం మొదటి మెట్టు మీదే ఉంది, ఎర్రర్లు లేవు, అంతా పచ్చరంగు. పొద్దున రెండు గంటలు ఉన్న తడికి రోజంతా కాదు, మూడు నెలలు ఈ మనిషి ఎదురుచూసింది. ఈలోపు మా ఆయన మూడుసార్లు ఫోన్ చేశాడు. చట్నీకి వేరుశనగ గుళ్ళెక్కడ అని ఒకసారి, సాయిశ్రీ బెల్టు ఎక్కడ అని ఒకసారి. మూడోసారి గ్యాస్ వాసన వస్తోంది అన్నాడు. నాబ్ కట్టేయమని చెప్పాను. అప్పుడు చేత్తోనే వేగాన్ని నాలుగో మెట్టుకు పెంచాను. అమలమ్మకు చెప్పలేదు. ఆవిడ కాలు చెక్క మీద పడింది, పోగులు కాలితోపాటే లేచాయి. దారం మోసే నాడె అటు పోయింది, ఇటు వచ్చింది. నాలుగు పోగులు వేశాక ఆగి, నా వైపు చూడకుండా తన పాదం వైపు చూసుకుంది.

"ముసలిది కాలేదమ్మా ఇది. నేనే అయిందనుకున్నా" అంది.

పెట్టె అడుగున తీగల కొసలకు ప్లాస్టిక్ కవరు చుట్టి దారంతో కట్టాను. తర్వాత ఆ చాప మీదే కూర్చుని మూడేళ్ళ కిందట కాగితం మీద వదిలేసిన భాగం రాశాను. దిగడం తప్పు కాదు, తడి ఉన్నప్పుడు దిగాలి. గంటకోసారి పైమెట్టును మళ్ళీ అడిగి చూడాలి, తట్టుకోగలిగితే ఎక్కాలి, లేకపోతే ఇంకో గంటకు మళ్ళీ అడగాలి. ఇరవై రెండు లైన్లు, అంతే. పాత ముక్క తీసేశాను. అమలమ్మ మరో జానెడు నేసేదాకా ఆ పెట్టె మీదే పరీక్షించాను, తర్వాత అరవై పెట్టెలకూ పంపాను. పంపే అధికారం నాకెప్పుడూ ఉంది, ఇన్నాళ్ళూ అడిగి పంపేదాన్ని. దానితోపాటు ఒక రిపోర్టు రాసి యజమానికీ, పెట్టెలు వాడే ప్రతి కొట్టుకూ పంపాను. చీరకు మూడు గంటలు పోయింది నేతవాళ్ళ చేతుల వల్ల కాదు, పెట్టెలో తప్పు వల్ల, ఆ తప్పు రాసింది నేను అని రాసి కింద ఆదిశేషయ్య గారి మల్లీశ్వరి అని పెట్టాను. ఆఫీసు కాగితాల్లో నన్నెవరూ అట్లా పిలవరు. చేతికి అదే వచ్చింది.

అమలమ్మ అన్నం పెట్టింది. ముందు నాకు పెట్టబోతే, కలిసే తిందామన్నాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేసరికి మా ఆయన ఫోన్. రిపోర్టు కొట్టుకు చేరినట్టుంది. ఆయన గొంతు పెంచడు, ఎప్పుడూ పెంచలేదు. ఎవరినడిగి పంపావు అన్నాడు. వన్‌టౌన్‌లో అందరికీ వెళ్ళింది, మగ్గాలవాళ్ళు పోయిన గంటలకు రేపు కూలి అడుగుతారు, మన కొట్టు పరువేం కావాలి, రామకోటేశ్వరరావు గారు నిన్ను ఉంచుతారా అన్నాడు. అవన్నీ నిజమే కావచ్చు. సోమవారం అమలమ్మ పెట్టె తీయడానికి మనిషిని పంపొద్దండీ అన్నాను. ఆయన మాట్లాడని ఆ తొమ్మిది రోజులు నాకు గుర్తొచ్చాయి. ఈసారి పదో రోజున కాఫీ అడిగినా, నేను నూలు నంబరు తప్పయితే తప్పనే అంటానని నాకు అప్పుడు తెలిసింది. సెల్లార్లో స్కూటీ బ్యాటరీ పోయి ఉంటుంది, కొత్తది వేయించాలి అని కూడా, ఎందుకో, అప్పుడే అనుకున్నాను.

"ఇన్నేళ్ళలో నీ నోట్లోంచి ఒక్క కంప్లైంట్ రాలేదు మల్లీ" అన్నాడు మా ఆయన. నిజంగా అర్థంకాక అడుగుతున్నాడు. "ఇవాళేంటి కొత్తగా?"

"అవునండీ, ఒక్కటీ రాలేదు" అన్నాను. "తప్పు అక్కడే దొరికింది."